పావు ఇంచుకి పోగంత పక్కన

సుధామయి ఆ పని పట్టపగలే చేసింది. తప్పు చేస్తున్నానని కూడా అనుకోలేదు. పైగా పెదవులు బిగబట్టి నవ్వు ఆపుకుంది.

అసలు సంగతి మొదలైంది యూనివర్సిటీ అమ్మాయిల హాస్టల్లో. అక్కడి రీడింగ్ రూం గోడమీద ఏళ్ళ తరబడి ఒక చెమ్మ మరక ఉంది. ఎన్నిసార్లు సున్నం వేయించినా వానాకాలం రాగానే మళ్ళీ తేలేది. స్టాటిస్టిక్స్‌లో పరిశోధన చేస్తున్న స్వర్ణకి దాన్ని చూసి చూసి విసుగొచ్చి ఒక ఉపాయం తట్టింది. హాస్టల్ అమ్మాయిల పాత చున్నీలు పోగుచేసి, ఒక పెద్ద బొంత కుట్టించి, ఆ మరకమీద వేలాడదీస్తే సరి. చున్నీలైతే రెండు గోనెసంచుల నిండా వచ్చాయి. కుట్టేవాళ్ళెవరు?

"తార్నాకల వేదవతి మేడం ఉన్నది గద. గా మేడం బొంతలు మస్తు కుడ్తది" అని ఎవరో చెప్పారు.

వేదవతి రిటైరయ్యేదాకా అదే యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పింది. లాబులో ఆమె ఉందంటే పిల్లలు గాజు గొట్టాన్ని కూడా చప్పుడు చేయకుండా కింద పెట్టేవాళ్ళట. రిటైరయ్యాక తార్నాకలో ఇంటి ముందుగదిని బొంతలకి ఇచ్చేసింది. రెండు కుట్టుమిషన్లు, కోత బల్ల, ఇస్త్రీ పెట్టె, గోడకి మేకులమీద రకరకాల స్కేళ్ళు. ఆమె భర్త కొండలరావు రైల్వేలో పట్టాల విభాగంలో పనిచేసి రిటైరైన మనిషి. ఆయనకి ఆ గదిలో మిగిలింది కిటికీ దగ్గర ఒక కుర్చీ, చేతిలో పేపరు.

వేదవతి ఒక్కతీ అంత బొంత కుట్టలేదు. అందుకని నల్లకుంట నుంచి స్నేహితురాలు సుధామయిని పిలిచింది. సుధామయి క్యాంపస్ లైబ్రరీలో పనిచేసి రిటైరైంది. ఆమె కుట్టగలదు గానీ ఆమె కుట్టు కాస్త షికారు కొడుతుంది. స్వర్ణ కూడా వచ్చి మిషను తొక్కడం నేర్చుకుంటానంది. ముగ్గురూ కలిసి చున్నీ ముక్కలతో చదరపు గడులు కుట్టాలి, అన్నీ తయారయ్యాక వాటిని కలిపి బొంత చెయ్యాలి. ప్రతి ఆదివారం వేదవతి ఇంట్లో కలుసుకోవాలి, మిగతా రోజుల్లో ఎవరి చోట వాళ్ళు కుట్టుకోవాలి. అదీ ఒప్పందం.

మొదటి ఆదివారమే వేదవతి చట్టం చదివి వినిపించింది.

"రెండు ముక్కలు కలిపి కుట్టేటప్పుడు అంచు నుంచి పావు ఇంచు లోపల కుట్టు పడాలి. ఒక పోగు ఎక్కువా వద్దు, ఒక పోగు తక్కువా వద్దు."

"పోగుతో ఏం మునిగిపోతుందే?" అంది సుధామయి.

"ఒక్కో గడికి మూడేసి ముక్కలు మూడు వరసలు. కుట్టు కాస్త లోపలికి పడిందనుకో, అటు ముక్కలోంచీ ఇటు ముక్కలోంచీ బట్ట తినేస్తుంది. ప్రతి కుట్టుకీ తింటుంది. చివరికి గడి చిన్నదైపోతుంది. చిన్న గడి పక్కన పెద్ద గడి పెట్టి కుడితే మూలలు కలుస్తాయా? బొంత మధ్యలో బుడిపెలు లేస్తాయి."

ఆమె మిషనుమీద సూదికి కుడిపక్కన సరిగ్గా పావు ఇంచు దూరంలో, దెబ్బలకి వేసుకునే ప్లాస్టరు ముక్క ఒకటి నిలువుగా అంటించి ఉంది. బట్ట అంచు దాన్ని ఆనుకుని వెళితే కుట్టు దానంతటదే పావు ఇంచులో పడుతుంది. సుధామయికి, స్వర్ణకి కూడా అలాగే చేసుకోమని చెప్పింది. స్వర్ణ హాస్టల్‌కి అరువు తెచ్చుకున్న మిషనుకి అంటించుకుంది. సుధామయి తన కంటిచూపు మీద నమ్మకంతో చేసుకోలేదు.

రెండో ఆదివారం సుధామయి కుట్టి తెచ్చిన గడిని వేదవతి రెండు చేతులతో పైకెత్తి వెలుతురులో అందరికీ చూపించింది.

"సుధా, ఇది చదరం కాదు. ఇడ్లీ."

స్వర్ణ పకపకా నవ్వింది. కొండలరావు పేపరు వెనకనుంచి నవ్విన చప్పుడు కూడా వచ్చింది. సుధామయి కూడా నవ్వింది. నల్లకుంట వెళ్ళే బస్సెక్కి, విద్యానగర్ దాటేసరికి మాత్రం ఆ నవ్వు పోయింది. లైబ్రరీలో అన్నేళ్ళు ఒక్క పుస్తకం కూడా తప్పు అరలో పెట్టని మనిషి తను. ఇడ్లీయా? ఇంటికెళ్ళి ఆ గడిని మళ్ళీ చూసుకుంది. మూలలు గుండ్రంగానే ఉన్నాయి. దాంతో కోపం ఇంకాస్త పెరిగింది.

రెండు వారాలు ముక్కల కోతకే సరిపోయి, మూడో ఆదివారం వేదవతి తన మొదటి గడి అప్పుడే మొదలుపెట్టగా గ్యాస్ బండ వచ్చింది. ఆమె కిందికి వెళ్ళింది. కొండలరావు స్నానానికి వెళ్ళాడు. స్వర్ణ బాల్కనీలో ఫోన్ మాట్లాడుతోంది. సుధామయి లేచి వేదవతి మిషను దగ్గరికి వెళ్ళి, గోరుతో ఆ ప్లాస్టరు ముక్కని మెల్లగా లేపి, కుడివైపుకి ఒక్క పోగంత జరిపి, బొటనవేలితో గట్టిగా అదిమింది. తర్వాత తన చోటికి వచ్చి కూర్చుని సూదిలో దారం ఎక్కించుకోసాగింది.

వేదవతి పైకి వచ్చి మళ్ళీ కుట్టడం మొదలుపెట్టింది. బట్ట ప్లాస్టరుని ఆనుకుని వెళ్ళింది. సుధామయి పక్కనే నిలబడి చూసింది.

"అబ్బ, ఎంత బాగా కుడతావు వేదా! గీత గీసినట్టు ఉంటుంది నీ కుట్టు" అంది.

వేదవతి కళ్ళజోడు మీదనుంచి ఒకసారి చూసి, మళ్ళీ మిషను తొక్కింది.

ఆ వారమంతా సుధామయి తెగ హుషారుగా ఉంది. వచ్చే ఆదివారం గడులన్నీ పక్కపక్కన పరిస్తే వేదవతివే చిన్నగా వస్తాయి. అప్పుడు తను చాలా జాలిగా, 'పోనీలేవే, వయసు మీద పడుతోంది కదా' అనాలి. ఆ మాటని వంటింట్లో రెండు మూడు రకాలుగా అని చూసుకుంది.

ఆదివారం వచ్చింది. గడులన్నీ బల్లమీద పరిచారు. సుధామయివి ఈసారి జాగ్రత్తగా, తనూ ప్లాస్టరు అంటించుకుని కుట్టినవి. స్వర్ణవి కూడా సరిగ్గా ఉన్నాయి. వేదవతివి అన్నిటికన్నా చిన్నగా ఉన్నాయి. చిన్నవే గానీ ఒకదానికొకటి అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో ఉన్నాయి.

వేదవతి అందరి గడులూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూసింది. సుధామయి గొంతు సవరించుకుంది.

"మీ ఇద్దరివీ పెద్దవయ్యాయి" అంది వేదవతి.

"మావా?" అంది సుధామయి.

"మరి? నావి చూడు, అన్నీ ఒకేలా ఉన్నాయి. తప్పు కుడితే ఇలా ఒకేలా వస్తాయా? మీవే కుట్టు తక్కువ లోపలికి పడింది. విప్పి, నా గడికి సరిపోయేట్టు మళ్ళీ కుట్టండి. నా గడే నమూనా."

"స్కేలు పెట్టి కొల్చి చూద్దాం మేడం" అంది స్వర్ణ.

"ముప్ఫై ఏళ్ళు మిల్లీగ్రాములు తూచాను. నా పావు ఇంచుని కొలుస్తావా?"

స్వర్ణ మేకునుంచి తీసిన స్కేలు మళ్ళీ తగిలించేసింది. సుధామయికి నోరు తెరవాలనే ఉంది. తెరిచి ఏం చెప్పాలి? 'నీ ప్లాస్టరు జరిగింది' అంటే 'నీకెలా తెలుసు' అంటుంది. తల వంచుకుని గడులు సంచీలో వేసుకుంది.

మెట్లు దిగుతుంటే స్వర్ణ వెనకనుంచి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆంటీ, గా ప్లాస్టర్ మీరే జరిపిండ్రు కదా?"

"ఏ ప్లాస్టరు?"

"నేను బాల్కనీల నుంచి అంతా చూసిన. పరేషాన్ కాకుండ్రి, నేనెవ్వరికీ చెప్ప." స్వర్ణ తన సంచీలోంచి గడుల కట్ట తీసి సుధామయి చేతిలో పెట్టింది. "గివి నా గడులు. ఇవి కూడ జర మీరే విప్పి కుట్టుండ్రి. నాకు సెమినార్ ఉన్నది."

"ఇది బెదిరింపు కదే!"

"ఏంది ఆంటీ గట్ల అంటరు. హెల్ప్ అడుగుతున్న."

సుధామయి ఆ కట్టకూడా మోసుకుని నల్లకుంట వెళ్ళింది. కుట్టడం ఒక ఎత్తు, కుట్టు విప్పడం ఒక ఎత్తు. దారం తెంపాలి గానీ బట్ట చిరగకూడదు. చున్నీ బట్ట మరీ పల్చన, కాస్త లాగితే చాలు పోగులు విడిపోతాయి. రాలిన దారం ముక్కలు చీరకి, సోఫాకి, చివరికి పప్పులో కూడా కనిపించాయి. వేళ్ళ కొసలు ఎర్రబడ్డాయి. విప్పిన ముక్కల్ని ఇస్త్రీ చేసి, తన మిషనుమీద ప్లాస్టరుని తనే పోగంత పక్కకి జరిపి, వేదవతి తప్పు కొలతకి సరిగ్గా సరిపోయేట్టు అన్నీ మళ్ళీ కుట్టింది. జీవితంలో ఎప్పుడూ అంత శ్రద్ధగా కుట్టలేదు. ఆ గడుల్ని పక్కపక్కన పెడితే మూలలు సూదిమొనల్లా కలిశాయి. వాటిని చూసుకుని కాసేపు మురిసి, అవన్నీ తప్పు కొలతన్న సంగతి గుర్తొచ్చి తలపట్టుకుంది.

తర్వాత రెండు ఆదివారాలూ ఇదే వరస. వేదవతి చిన్న గడులు చూపిస్తుంది, సుధామయి విప్పుతుంది. స్వర్ణ సెమినార్ ఎంతకీ అవ్వదు.

అప్పుడు సుధామయికి ఇంకో భయం పట్టుకుంది. అన్ని గడులూ చిన్నవైతే బొంత మొత్తం చిన్నదవుతుంది. గోడమీది మరకకి ఆనదు. అమ్మాయిలందరి చున్నీలూ కత్తిరించి, కుట్టి, చివరికి మరక బయట కనపడితే ఎలా? ఇక లాభం లేదు, ప్లాస్టరుని చడీచప్పుడు కాకుండా మళ్ళీ పాత చోటికి జరిపెయ్యాలి అనుకుంది. వేదవతి కూరగాయల మార్కెట్‌కి వెళ్ళే పూట చూసుకుని, చేతిసంచీలో ఒక స్కేలు పెట్టుకుని తార్నాక వెళ్ళింది.

కొండలరావు తలుపు తీశాడు. "వేద బజారుకెళ్ళిందమ్మా."

"ఫరవాలేదు అన్నయ్యగారూ. కత్తెర మర్చిపోయాను, తీసుకుని పోతాను."

ఆయన కిటికీ దగ్గర కూర్చుని పేపరు ఎత్తగానే సుధామయి మిషను ముందు కూర్చుని, సూది కిందికి దించి, స్కేలు పెట్టి చూసింది. సూది నుంచి ప్లాస్టరుకి పావు ఇంచు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. సరిగ్గా పావు ఇంచు.

"ప్లాస్టరా?" అన్నాడు కొండలరావు పేపరు దించకుండానే. "దాన్ని ఎవరో జరిపారమ్మా. గ్యాస్ బండ వచ్చిన ఆదివారం మీరంతా వెళ్ళాక చూశాను, పైన ఒకలా కింద ఒకలా వంకరగా ఉంది. పట్టాలు అలా ఉంటే కాచిగూడ లైనులో ఒక్క బండి నడుస్తుందా? నేనే సాయంత్రం సరిచేసి వేదకి చెప్పాను."

"చెప్పారా?"

"చెప్పాను. నవ్వింది."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. నవ్వింది. పెళ్ళయినప్పటినుంచీ చూస్తున్నాను, అలా నవ్వినప్పుడు నేను అడగను."

సుధామయి కత్తెర కూడా తీసుకోకుండా మెట్లు దిగింది. బస్టాపులో నిలబడి లెక్క వేసుకుంది. ప్లాస్టరు ఆ సాయంత్రమే సరైపోయింది. అంటే ఆ తర్వాత వేదవతి కుట్టిన గడులన్నీ మామూలుగా రావాలి. రాలేదు. చిన్నగా వచ్చాయి. అంటే చిన్నగా రావాలని కుట్టింది. అంటే... నల్లకుంట బస్సు వచ్చి వెళ్ళిపోయింది. సుధామయి ఎక్కలేదు. పక్కన నిలబడ్డ ముసలాయన "ఏమైందమ్మా" అని అడిగేంతగా ఒక్కతే నవ్వుతోంది.

గడులన్నీ తయారయ్యాయి. వాటిని పరిచి కలపడానికి వేదవతి ముందుగది చాలదు. అందుకని హాస్టల్ రీడింగ్ రూంలో బల్లలన్నీ గోడవారకి జరిపి, నేలమీద దుప్పట్లు వేసి, మిషన్లు రెండూ ఆటోలో తెప్పించారు. అమ్మాయిలు గుంపులుగా వచ్చి చూస్తున్నారు. "గీడ చూడు, నా నీలం చున్నీ!" అని ఒకతి, "అయ్యో, గాడ నాది తలకిందులున్నది" అని ఇంకొకతి.

వేదవతి చప్పట్లు కొట్టింది. గది నిశ్శబ్దమైంది. లాబు అలవాటు ఇంకా పోలేదు.

"గడులు కలపడానికి ముందు పావు ఇంచు గురించి మీకు సుధామయిగారు చెబుతారు. తార్నాకలో, నల్లకుంటలో ఈవిడ విప్పినన్ని కుట్లు ఇంకెవరూ విప్పలేదు" అంది. మొహంలో ఎక్కడా నవ్వు లేదు.

అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. సుధామయి లేచింది. వేదవతి వైపు చూసి, బల్లమీదనుంచి రెండు గడులు తీసుకుంది. ఒకటి స్వర్ణ మొదట్లో కుట్టింది, విప్పే కట్టలో పడకుండా మిగిలిపోయింది. రెండోది వేదవతిది.

"ఇది పావు ఇంచుతో కుట్టిన గడి. ఇది పోగంత ఎక్కువతో కుట్టిన గడి. ఎంత తేడా ఉందో చూడండి. ఈ రెండో రకం ఎలా వస్తుందంటే," అంటూ గొంతు కాస్త పెంచింది, "మీ స్నేహితురాలు మీ గడిని ఇడ్లీ అంటుంది. ఆవిడ గ్యాస్ బండకోసం కిందికి వెళ్ళినప్పుడు మీరు వెళ్ళి ఆవిడ మిషనుమీద ప్లాస్టరు జరుపుతారు."

గది గొల్లుమంది. స్వర్ణ తలుపు వైపు నడిచింది.

"ఆగు స్వర్ణా. నీ వంతు కూడా ఉంది. చూసి చెప్పకుండా ఉన్నందుకు ఈ అమ్మాయి గడులన్నీ నాచేతే విప్పించింది. ఒక్క సెమినార్‌కి ఇన్ని గడులు బలవ్వడం నేనెప్పుడూ చూడలేదు."

"ఆంటీ!" అంది స్వర్ణ.

"ఇక మీ వేదవతి మేడం. మొదటి గడి చిన్నగా వచ్చింది నావల్ల, ఒప్పుకుంటున్నాను. ఆ సాయంత్రమే వాళ్ళాయన ప్లాస్టరు సరిచేసి చెప్పారు. అయినా రెండో గడి నుంచి కావాలని చిన్నగా కుట్టి, మమ్మల్ని దోషుల్ని చేసి, నాచేత విప్పించి, పక్కన కూర్చుని చూసింది."

అందరూ వేదవతి వైపు తిరిగారు. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

"రెండో గడి కాదు. మూడో గడి నుంచి. రెండోది కూడా నీదే, ఆయన సరిచేసేలోపే కుట్టాను" అంది.

ఇక నవ్వులు ఆగలేదు. ఒక అమ్మాయి నేలమీద బోర్లా పడి గడులమీదే నవ్వుతుంటే పక్కవాళ్ళు లాగారు. లా చదివే శ్రీలలిత అనే అమ్మాయి బల్లెక్కి కూర్చుని, స్కేలుతో బల్లమీద కొట్టింది.

"కేసు నేను వింట. గిప్పుడు ఫస్ట్ గోడ చూడుండ్రి."

గడుల వరసలు గోడ దగ్గర పట్టుకుని చూశారు. అనుకున్నట్టే అయింది. బొంత నిలువునా అడ్డంగా తక్కువ పడింది. చెమ్మ మరక పైనుంచీ, కుడి పక్కనుంచీ చక్కగా కనిపిస్తోంది.

"చుట్టూ పట్టీ వెయ్యాలి" అంది వేదవతి.

"ఎవరి బట్టతోని?" అని శ్రీలలిత అడిగి, తనే జవాబు చెప్పింది. "ముద్దాయిలు ఇద్దరూ చెరొక కొత్త నూలు చీర ఇయ్యాలె. పాతది కాదు, కొత్తది. స్వర్ణక్క పట్టీ మొత్తం చేత్తోని కుట్టాలె. మిషన్ ముట్టద్దు."

"నాకు సెమినార్..." అనబోయి స్వర్ణ అందరి మొహాలూ చూసి ఆపేసింది.

వేదవతి ఆ వేసవికని దాచుకున్న గంధం రంగు వెంకటగిరి చీర తెచ్చింది. సుధామయి ఆకుపచ్చ మంగళగిరి చీర తెచ్చింది. కత్తెర వేసేటప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. స్వర్ణ వారంపైన కూర్చుని పట్టీ కుట్టింది. ప్రతి పూటా హాస్టల్ అమ్మాయిలు ఎవరో ఒకరు వచ్చి "అక్కా, గది పావు ఇంచేనా?" అని అడిగి పోయేవాళ్ళు. బొంత గోడకెక్కింది. మరక కనపడలేదు.

ఎక్కించిన రోజు సాయంత్రం ఇద్దరు స్నేహితురాళ్ళూ క్యాంపస్ లోంచి తార్నాక వైపు నడుచుకుంటూ వచ్చారు. రోడ్డు పక్క వేపచెట్ల కింద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

"నేనే జరిపానని నీకెలా తెలిసింది? స్వర్ణ కూడా ఉందిగా ఇంట్లో" అంది సుధామయి.

"నా కుట్టు బాగుందన్నావు. నలభై ఏళ్ళలో ఒక్కసారి అన్నావా ఆ మాట?"

సుధామయి నాలుక కరుచుకుంది. "మరి తిట్టొచ్చుగా."

"తిట్టడం నాకు రోజూ ఉండేదే. నాతో ఎవరైనా పరాచికాలాడి ఎన్నాళ్ళైంది? లాబులో ఒక్క పిల్లకి ధైర్యం ఉండేది కాదు. తోటి లెక్చరర్లకీ ఉండేది కాదు." వేదవతి నడక కాస్త తగ్గించింది. "కానీ సుధా, అది నాకు సులువనుకోకు. కావాలని తప్పు కుట్టడం! ఒక్కో కుట్టుకీ ఒళ్ళు జలదరించేది. రెండుసార్లు మధ్యలో లేచి వెళ్ళి మొహం కడుక్కున్నాను."

"నాకు వేళ్ళు పుండ్లయ్యాయి."

"నీ గడులు బాగా కుట్టావు. మూలలు చూశాను."

సుధామయి ఆగి ఆమె వైపు తిరిగింది. "ఇప్పుడు నువ్వు మెచ్చుకుంటున్నావు. ఏం చేశావే నాకు?"

"ఏమీ లేదు."

"వేదా!"

"ఈ నెలన్నరా నీకిచ్చిన కాఫీ అంతా రెండో డికాక్షన్" అని చెప్పి వేదవతి రోడ్డు దాటేసింది. సుధామయి ఇవతలే నిలబడి అరుస్తుంటే బస్సులు అడ్డం వచ్చాయి.

జనవరిలో చలి బాగా పడింది. ఒకరోజు ఉదయం స్వర్ణ ఫోన్ చేసింది.

"మేడం, గోడమీద బొంత లేదు."

"ఎవరు తీశారు?" అంది వేదవతి, లాబు గొంతుతో.

"తీసిండ్రు గానీ ఎటూ పోలేదు. సెకండ్ ఫ్లోర్ల పరీక్షలకి చదివేటోళ్ళు కప్పుకుంటుండ్రు. నిన్న ఒక రూం, గియ్యాల ఇంకో రూం. వార్డెన్ మేడంకి ఉతకనీకి ఇచ్చినమని చెప్పిన."

వేదవతి ఫోను పక్కకి పెట్టి, ఎదురుగా కూర్చున్న సుధామయికి సంగతి చెప్పింది. సుధామయి అప్పటికే గోనెసంచీలో మిగిలిన చున్నీలు బల్లమీద కుమ్మరిస్తోంది.

"ఇంకోటి కుట్టాలి అయితే. ఈసారి నీ రెండో డికాక్షన్ తాగడానికి ఆదివారాలు నేను రాను" అంది. "నువ్వే నా ఇంటికి రా."